అరుగుమీది వార్ధక్యము

కృష్ణామండలమునకు తూర్పుకొనయందు, సముద్రమునకు సమీపమున, కృత్తివెన్ను అను గ్రామము గలదు. కొల్లేటినీటిని సముద్రమునకు గొనిపోవు ఉప్పుటేరు ఈ ప్రాంతమునకు తూర్పు హద్దు. దానిని దాటినచో పశ్చిమగోదావరి మండలము. బందరునుండి నరసాపురము పోవు బాటమీది యూళ్ళలో ఏ యూరనైనను సాయంకాలమున నిలిచి చూచినచో రెండువిధములగు వార్ధక్యములు కంటబడును. కలిగిన యింటి పెద్ద అరుగుమీద గూర్చుండియుండును. మనుమడు మంచినీళ్ళు తెచ్చును; కోడలు కాఫీ తెచ్చును; చేతిలోని పత్రిక జారిపడిన నెత్తియిచ్చుటకును ఒకరుందురు. ఆ యరుగుముందునుండియే పల్లెకారుల ముసలమ్మ చేపలగంప నెత్తిన బెట్టుకొని, వీధివీధి కేకవేయుచు పోవుచుండును. మొదటివానిని జూచి అదృష్టవంతుడందుము. రెండవయామెను జూచి అయ్యో యందుము.

మేమును చిరకాల మట్లే తలచితిమి. ఇప్పుడా తలపులో సగమును మార్చుకొనవలసివచ్చినది. ఏ సగమో చెప్పుటకు కొంత పూర్వకథ యవసరము.

పెద్దవారిని కూర్చుండబెట్టుటయే గౌరవమని మనకెవరు నేర్పిరి? శాస్త్రములే నేర్పినవని కొందరందురు. ఆ మాటకు కొంత యాధారము లేకపోలేదు. వాగ్భటుడు అష్టాంగహృదయమున దినచర్యను చెప్పుచు, వ్యాయామమును మానవలసినవారిలో వాతపిత్తరోగులతోను, బాలురతోను, అజీర్ణము గలవారితోను వృద్ధులను గూడ చేర్చెను. ఈ యొక్క మాటను పట్టుకొని పెద్దలకు కదలికయే కూడదనుట మాత్రము న్యాయము కాదు. అచ్చట వ్యాయామమనగా దేహమున కాయాసము పుట్టించు కర్మము. నడక వేరు. సుశ్రుతసంహిత చికిత్సాస్థానమున 24వ యధ్యాయము, దేహమును మిక్కిలి పీడింపని చంక్రమణము ఆయువును, బలమును, మేధను, జఠరాగ్నిని ఇచ్చునని స్పష్టముగా చెప్పుచున్నది. మన యిండ్లలో వాగ్భటుని నిషేధము నిలిచినది. సుశ్రుతుని నడక జారిపోయినది. మనకు సౌకర్యముగా నున్న వాక్యమునే ప్రమాణముగా గైకొనుట మన కలవాటు గదా!

అయినను పుస్తకములకంటె డెల్టా చరిత్రమే ఈ యాచారమునకు ఎక్కువ కారణమని మా యభిప్రాయము. 1832–33లో గుంటూరుసీమను, దాని పొరుగుసీమలను డొక్కలకరువు పీడించినది. ఆ తరమువారికి కూర్చుండి తినుట యనునది కలలోని మాట. 1852లో ఆరంభమై 1855లో ముగిసిన బెజవాడ యానకట్టవలన కాలువలు వచ్చినవి; వరిపొలములు పెరిగినవి; భూమిగలవారి చేతిలో ధాన్యము నిలిచినది. ధాన్యము నిలిచినచోట కూలివాండ్రను బెట్టుకొనుట, తాను గట్టుమీద నిలుచుట, పిదప గట్టునకును పోక యింటనే యుండి లెక్కలు చూచుట వరుసగా వచ్చినవి. కదలనక్కరలేకపోవుట సంపదకు గుర్తైనది. ఆ గుర్తును యువకుని మీదకంటె ముసలివాని మీద నిలుపుట సులభము. తండ్రిని పొలమునకు పోనిచ్చు కొడుకును ఊరు నిందించును; అరుగుమీద నిలిపిన కొడుకును మెచ్చుకొనును. తండ్రి కాళ్ళ సంగతి ఎవరును అడుగరు.

అయినను ఇటీవలివరకు ఈ యరుగు పూర్తిగా విజయము పొందలేదు. పడవరేవునకైనను నడవవలెను, గుడికి, సంతకు, పొరుగూరి పెండ్లికి నడవవలెను. తరువాత రోడ్లు, బస్సులు, ఇంటింట మోటారుసైకిళ్ళు వచ్చినవి. 1980 తరువాతి దశాబ్దములలో కొల్లేటి చుట్టుపట్లను, ఈ సముద్రతీరమునను వరిచేలు అనేకము చేపలచెరువులు, రొయ్యలచెరువులు అయినవి. మిగిలిన వరికి కోతయంత్రములు వచ్చినవి. ఒకప్పుడు ధనికునకు మాత్రమే లభించిన కూర్చుండుట, ఇప్పుడు మధ్యతరగతి వానికిని, వాని తల్లికిని లభించుచున్నది. దీనిని మేము కేవలము కీడని యనము. నడుము విరుగు చాకిరి తప్పుట మేలే. కాని చాకిరితోపాటు కదలికయు తప్పిపోయినది. ఆ రెండును ఒకటి కావు.

దేహములోపల నేమి జరుగునో చూతము. గుండెనుండి వెడలు పెద్ద ధమని యౌవనమున సాగుడుగుణము గలది. గుండె కొట్టుకొన్నప్పుడెల్ల అది కొంత విప్పారి, ఆ యూపును తనలో నిలుపుకొని, మరుక్షణమున మెల్లగా ముందుకు పంపును. వయస్సు పైబడినకొలది దాని గోడలోని సాగుడుపోగులు తెగి, గట్టిపోగులు హెచ్చును. అప్పుడు గుండెయూపు మెత్తబడక, మెదడునందును మూత్రపిండములందును గల సన్నని నాళములను సూటిగా తాకును. రక్తపుపోటు పరీక్షలో పైయంకె పెరుగుట కిది యొక ముఖ్యకారణము. నాళముల లోపలిపొర వట్టి పూత కాదు. రక్తము వడిగా పారినపుడు ఆ రాపిడిని గ్రహించి, అది నైట్రిక్ ఆక్సైడు అను వాయువును విడుచును. దానివలన నాళము సడలి విప్పారును. ఈ వాయువు దేహములో వార్తాహరునివలె పనిచేయునని కనుగొన్నందులకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మ్యూరాడ్ అనువారికి 1998లో నోబెల్ బహుమాన మీయబడినది. నడచినపుడు రక్తము వడిగా పారును. పిక్కకండరములు సిరలను పిండి క్రిందిరక్తమును గుండెకు చేర్చును. కూర్చున్నపుడీ రెండును మందగించును. నీరు పారని కాలువకు పూడిక పట్టునని మనవారు దీనికి పోలిక చెప్పుదురు. పోలిక రమ్యమే కాని, నాళము మట్టికాలువ కాదు. తన గోడను తానే మార్చుకొను జీవకణములతో నేర్పడినది. అందుచేతనే ముదిమిలో గూడ కొంత బాగుపడు నవకాశ మున్నది. 2000లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, ఏబది దాటిన వయస్సువారు, అంతకుమున్ను వ్యాయామ మెరుగనివారు, మూడునెలలు ముఖ్యముగా నడకనే సాధనచేయగా వారి ధమనుల సాగుడుగుణము కొంత తిరిగివచ్చెను.

కదలికకును గుండెకును గల సంబంధమును వైద్యులు గమనించుట క్రొత్త కాదు. విలియం హెబర్డెన్ అను ఆంగ్లవైద్యుడు రొమ్మునొప్పి వ్యాధిని 1768లో వర్ణించెను. 1802లో వెలువడిన ఆయన గ్రంథమున, దినమున కరగంట కట్టెలు కోయుట నియమముగా బెట్టుకొన్న యొక రోగి ఇంచుమించు స్వస్థుడయ్యెనని వ్రాయబడియున్నది. ఒక రోగి కథ సిద్ధాంతము కాదు. లెక్కలతో పరీక్షించుటకు మరి నూటయేబది యేండ్లు పట్టినది. 1953లో జెర్రీ మారిస్ అనునాయన లండను నగరపు రెండంతస్తుల బస్సులలో పనిచేయు వేలకొలది పురుషులను పరిశీలించి, రోజెల్ల కూర్చుండు డ్రైవర్లకంటె, రోజెల్ల మెట్లెక్కి దిగు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చుచున్నదని ప్రకటించెను. ఆయన యంతటితో తృప్తి పొందలేదు. పనిలో చేరునాడే డ్రైవర్ల నడుము కొలతలు పెద్దవై యుండెనేమో యని వారి కిచ్చిన దుస్తుల కొలతలను వెదకి చూడగా, అట్లే యుండెను! తన సిద్ధాంతమునకు చిక్కు తెచ్చు ఆ సంగతిని 1956లో తానే ప్రకటించి, మరల పరిశోధనకు పూనుకొనెను. అట్టి నిజాయితీయే ఆయన మాటకు బలము. మారిస్ తానును శరీరశ్రమ మానక జీవించి, 2009లో 99 ఏండ్ల వయస్సున గతించెను.

అది పనిచేయు వయస్సువారి కథ. ముసలివారి కథకు హవాయిద్వీపములకు పోవలెను. అచ్చట విశ్రాంతి తీసికొన్న 707 మంది జపానుసంతతి పురుషులను, 61 మొదలు 81 ఏండ్లవారిని, పొగత్రాగనివారిని, పండ్రెండేండ్లు కనిపెట్టి చూచిరి. దినమునకు మైలుకంటె తక్కువ నడచినవారిలో నూటికి 40 మందికి పైగా ఆ కాలములో మరణించిరి. రెండుమైళ్ళకు మించి నడచినవారిలో నూటికి 24 మంది. ఈ ఫలితము 1998లో వెలువడినది. నడవగలవారు మొదటినుండియు ఆరోగ్యవంతులై యుందురు గదా యని చదువరి యడుగవచ్చును. ఆ ప్రశ్న సరియైనదే. పరిశోధకులును దానిని తలచియే నడవలేని రోగులను లెక్కలో చేర్చలేదు; అయినను సందేహము పూర్తిగా తొలగదు. ఇట్టి యనేక పరిశోధనలు ఒకే వైపునకు చూపుటయే మమ్ము నమ్మించినది.

ఇక మన యింటిముంగిటి లెక్క చూతము. ఉప్పుటేటికావల గోదావరిసీమలో, ఉభయగోదావరి మండలముల 45 గ్రామములలో, 1,80,162 మంది జనములో, 2003–04లో సంభవించిన మరణముల కారణములను ఆరోగ్యకార్యకర్తలు ఇంటింటికి పోయి విచారించిరి. 2006లో ప్రకటితమైన ఆ విచారణనుబట్టి, మరణములలో నూటికి 32 రక్తప్రసరణవ్యాధులవలన, అనగా గుండెపోటు, పక్షవాతము మొదలగువానివలన కలిగినవి. అంటువ్యాధులవలన కలిగినవి నూటికి 12. పల్లెవారికి విషజ్వరములు, పట్నవాసులకు గుండెజబ్బులు అను పాతనమ్మకము ఇరువదేండ్ల క్రిందటనే కూలిపోయినది. ఈ మరణముల కన్నిటికి అరుగే కారణమని మేమనము. చుట్ట, ఉప్పుచేప, ఆవకాయ, మందు వేసికొనని రక్తపుపోటు, చక్కెరవ్యాధి యివి యన్నియు పాలివారే. కాని ఆ పాలివారిలో కూర్చుండుటను మాత్రము మనము గౌరవమని పేరుపెట్టి పెంచుచున్నాము.

నడక సర్వరోగనివారిణి యని చెప్పువారిని గూడ మేము నమ్మము. గాంధీమహాత్ముని మించి నడచిన పెద్దవారు మన దేశమున కొద్దిమంది. 1930లో ఆయన 60 ఏండ్ల వయస్సున 24 దినములు ఇంచుమించు 240 మైళ్ళు నడచి దండి చేరెను. 1946–47లో 77 ఏండ్ల వయస్సున నవఖలి గ్రామములలో వట్టికాళ్ళతో తిరిగెను. అట్టివానికిని రక్తపుపోటు తప్పలేదు. 1940లో అది 220/110 వరకు పోయినట్లు ఆయన యారోగ్యపత్రములలో నున్నది. కాబట్టి నడచుచున్నాను గదా యని మాత్ర మానుట మూర్ఖత. ఈ రెండును కలిసి చేయవలసిన పనులు.

ఇప్పుడు మరల ఆ చేపలగంప ముసలమ్మ కడకు వత్తము. ఆమెను జూచి అయ్యో యనుటలో ఏ సగము మార్చుకొంటిమో చెప్పెదము. ఆమె నడక మంచిది. ఆమె గంప బరువు మంచిది కాదు. ఆమెకు విశ్రాంతి లేదు, వైద్యము లేదు, నేడు చేప అమ్మకున్న రేపు కూడు లేదు. బీదరాలి శ్రమను ఆరోగ్యమని పొగడి చేతులు దులుపుకొనుట సంస్కారము కాదు. ఆమెకు కావలసినది విశ్రాంతి, అరుగుమీది పెద్దకు కావలసినది కదలిక. మన సమాజము ఎవరికి ఏది కావలెనో దానిని తారుమారుగా పంచిపెట్టినది. మన యిండ్లలో విధవలైన ముసలివారి సంగతియు నిట్టిదే యుండెను. వంటయింట వారి చాకిరికి మితి లేదు. వీధిలో వారి నడకకు చోటు లేదు.

ఈ పంపకము మారరానిది కాదు. 1929లో మచిలీపట్నమున జన్మించిన చిలుకూరి శాంతమ్మగారు ఆంధ్రవిశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము బోధించి, 1989లో ఉద్యోగవిరమణ చేసిరి. తొంబది దాటిన పిదపగూడ, మోకాళ్ళకు శస్త్రచికిత్స జరిగి ఊతకర్రలు పట్టినను, విశాఖపట్టణమునుండి విజయనగరపు విశ్వవిద్యాలయమునకు పోయి పాఠములు చెప్పుచుండిరని 2022లో పత్రికలు వ్రాసినవి. ఆమె ధమనుల స్థితినిగూర్చి మేము చెప్పబూనుట లేదు. ఒక యాంధ్రస్త్రీ, ఈ బందరులో పుట్టినయామె, తొంబదియేండ్లకు గూడ వెలుపలికి పోవుటకు కారణము గలిగియుండెననుటయే మాకు ముఖ్యము. కారణము లేని నడక నాలుగు దినములలో మానిపోవును.

ప్రపంచారోగ్యసంస్థ 2020లో చేసిన సూచనలనుబట్టి పెద్దవారు వారమునకు 150 మొదలు 300 నిమిషములు మితమైన శ్రమ చేయవలెను. 65 ఏండ్లు దాటినవారు వారమున మూడుదినములు తూలిపడకుండ నిలద్రొక్కుకొను సాధనయు, బలము చేకూర్చు సాధనయు చేయవలెను. అంత చేయలేనివారు చేయగలిగినంత చేయవలెను. నడచుచుండగా రొమ్ములో నొప్పి, విపరీతమగు ఆయాసము కలిగినచో నిలిచిపోయి వైద్యుని జూడవలెను. చెరువుగట్టుమీద ప్రొద్దుటిపూట నడక, పూలమొక్కలకు నీరుపోయుట, మనుమని బడికి తీసికొనిపోవుట, కుర్చీనుండి చేయూత లేకుండ పదిసారులు లేచుట వీనిలో నేదైనను పనికివచ్చును.

మా తల్లిగారికి డెబ్బది నిండిన యేట మేము ఆమె చేతినుండి నీళ్ళచెంబు లాగికొంటిమి; ముగ్గు మానిపించితిమి; కూరలబజారు మానిపించితిమి. ఊరు మెచ్చుకొన్నది. రెండేండ్లకు ఆమె పట్టుకొనక నేలమీదనుండి లేవలేకపోయిరి. తప్పు గ్రహించి, వైద్యుని యడిగి, ఒక్కొక్క పనియే తిరిగి యిచ్చితిమి. మొదట ఇంటిముందు ముగ్గు. "ఇన్నాళ్ళకు నా చేతులు మీకు పనికొచ్చాయన్నమాట" అని మాత్రమనిరి. ఇప్పుడు సాయంకాలమున కూరలకు తామే పోవుచున్నారు. తోడు వత్తుమన్నచో, సంచి మోయుటకైతే రమ్మందురు.