వృత్తిరంగంలో కథాకథనం

వృత్తిరంగంలో కథాకథనం అనగా కార్యాలయాలు, పాఠశాలలు, న్యాయస్థానాలు, ఆరోగ్య సంస్థలు మొదలైన చోట్ల ఒక ప్రతిపాదనకు శ్రోతల సమ్మతి పొందడానికి కథను సాధనంగా వాడే పద్ధతి. ఇది వినోదం కోసం చెప్పే కథకు భిన్నమైనది. ఇందులో కథ క్లుప్తంగా ఉంటుంది. అది శ్రోతను ఒక నిర్ణయం వైపు నడిపిస్తుంది. కథ సత్యాన్ని ఎంత బలంగా నమ్మించగలదో అసత్యాన్నీ అంత బలంగా నమ్మించగలదు. కాబట్టి సత్యనిష్ఠ ఈ పద్ధతికి ప్రధాన నియమం.

ప్రాచీన నేపథ్యం

గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ (క్రీ.పూ. 384–322) తన "రెటొరిక్" గ్రంథంలో ఉదాహరణలను జరిగినవి, కల్పించినవి అని రెండు విధాలుగా విభజించాడు. కల్పిత కథలను సమకూర్చుకోవడం సులభమే అయినా, ఒక విషయంపై నిర్ణయం తీసుకొనే సభలలో జరిగిన సంఘటనలే ఎక్కువ ప్రయోజనకరమని అతడి అభిప్రాయం.

భారతదేశంలో పంచతంత్రం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. అమరశక్తి అనే రాజు కుమారులు ముగ్గురికి విష్ణుశర్మ ఆరు నెలలలో నీతిశాస్త్రం నేర్పడం ఇందలి ప్రధాన కథ. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక (1853) ద్వారా మిత్రలాభం, మిత్రభేదం తెలుగువారికి చిరపరిచితమైనాయి. మిత్రభేదంలో దమనకుడనే నక్క, పింగళకుడనే సింహానికీ సంజీవకుడనే ఎద్దుకూ గల స్నేహాన్ని కథలు చెప్పియే చెడగొడుతుంది. చివరకు ఏ తప్పూ చేయని సంజీవకుడు మరణిస్తాడు. కథ దుర్వినియోగం కాగలదన్న ఎరుక ఈ గ్రంథంలోనే ఉన్నది.

నెల్లూరు అక్షరాస్యతా ఉద్యమం

1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. ఆ కాలంలో దూబగుంట గ్రామ మహిళలు ఒక్కటై తమ ఊరిలోని సారా దుకాణాన్ని మూయించారు. ఈ ఉదంతం "ఆడవాళ్లు ఏకమైతే" అనే పేరుతో నవ అక్షరాస్యుల వాచకంలో పాఠమైంది. చదువు నేర్చుకొంటున్న ఇతర గ్రామాల స్త్రీలు దీనిని తమ కథగానే గ్రహించారు. 1992లో సారా వ్యతిరేకోద్యమం విస్తరించడానికి ఈ పాఠం తోడ్పడింది. 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం అమలులోకి వచ్చింది. 1995లో విధించిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించారు.

ప్రపంచ బ్యాంకు ఉదాహరణ

1996లో ప్రపంచ బ్యాంకు అధికారి స్టీఫెన్ డెన్నింగ్, ఆ సంస్థ సంపాదించిన అనుభవజ్ఞానాన్ని అందరికీ అందుబాటులో ఉంచాలని ప్రతిపాదించాడు. పటాలతో, గణాంకాలతో ఎంత వివరించినా సహోద్యోగులు ఆసక్తి చూపలేదు. అప్పుడతడు ఒక చిన్న కథ చెప్పసాగాడు. 1995 జూన్‌లో జాంబియా దేశంలోని కమానా అనే చిన్న ఊరి ఆరోగ్య కార్యకర్త, మలేరియా చికిత్సపై తన సందేహానికి సమాధానాన్ని అమెరికాలోని వ్యాధి నియంత్రణ కేంద్రం వెబ్‌సైటు నుండి పొందాడు. ఈ సంఘటనలో ప్రపంచ బ్యాంకుకు పాత్రే లేదు. పేదరిక నిర్మూలనలో అంత అనుభవమున్న సంస్థ అక్కడ ఎందుకు లేదన్న ప్రశ్న శ్రోతలలో తమంతట తామే కలిగింది. అదే సంవత్సరం అక్టోబరులో జరిగిన వార్షిక సమావేశంలో బ్యాంకు అధ్యక్షుడు జేమ్స్ వుల్ఫెన్‌సన్ ఈ ఆశయాన్ని ప్రకటించాడు.

పరిశోధనలు

2007లో డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టీన్, పాల్ స్లోవిక్ ఒక ప్రయోగ ఫలితాలను ప్రచురించారు. ఇందులో పాల్గొన్నవారికి 5 డాలర్లు ఇచ్చి, ఆఫ్రికాలోని ఆకలి బాధితులకు విరాళం కోరారు. కేవలం గణాంకాలు చదివినవారు సగటున 1.14 డాలర్లు ఇవ్వగా, ఒక బాలిక గాథను మాత్రమే చదివినవారు 2.38 డాలర్లు ఇచ్చారు. గాథతో పాటు గణాంకాలు కూడా చదివినవారి సగటు 1.43 డాలర్లు. అనగా ఒక్కరి కథ మనసును కదిలించినంతగా లక్షలమంది లెక్క కదిలించలేదు.

పరిమితులు

సమస్య పరిమాణం ఎంతో ఒక్కరి కథ తెలుపజాలదు. అంతకంటె పెద్ద ప్రమాదం మోసం. అమెరికాలో ఎలిజబెత్ హోమ్స్ 2003లో థెరానోస్ అనే సంస్థను స్థాపించింది. కొన్ని రక్తపు చుక్కలతో అనేక పరీక్షలు చేయగలమని ఆ సంస్థ ప్రచారం చేసింది. క్యాన్సర్‌తో మరణించిన తన బంధువు గాథను ఆమె తన ప్రసంగాలలో చెప్పేది. 2015లో పత్రికా పరిశోధన ఆ యంత్రాల లోపాలను బయటపెట్టింది. సంస్థ 2018లో మూతపడింది. మదుపరులను మోసగించిన నేరానికి హోమ్స్‌కు 2022లో 11 సంవత్సరాలకు పైబడిన జైలుశిక్ష పడింది. కథ హృదయాన్ని తాకినంత మాత్రాన యంత్రం పనిచేయదు.

ఆచరణ

ఊరి కాలువపై వంతెన కోరే ప్రధానోపాధ్యాయుని ఉదాహరణగా తీసుకొనవచ్చును. వర్షాకాలంలో ఒక విద్యార్థిని బడికి చేరే విధానాన్ని ఆయన మొదట నాలుగు మాటలలో చెప్పవచ్చు. తరువాత హాజరుపట్టీని అధికారి ముందు ఉంచాలి. కథ వల్ల అధికారి దృష్టి సమస్యపై నిలుస్తుంది. ఆ విద్యార్థిని వంటివారు ఎందరో హాజరుపట్టీ వల్ల తెలుస్తుంది. ఈ పద్ధతిలో సాధారణంగా పాటించవలసిన నియమాలు:

* కథ జరిగినదై ఉండాలి. కల్పితమైతే ఆ మాట ముందే చెప్పాలి.
* కథానాయకుడు శ్రోతలకు తెలిసిన జీవితానికి చెందినవాడై ఉండాలి.
* ఇతరుల బాధను చెప్పేటప్పుడు వారి అనుమతి పొందాలి.
* కథ వెంట పరీక్షించదగిన ఆధారం ఉండాలి.