ముందు వరస మనిషికి ఓ చుక్క కారం

1966లో వియత్నాంలో ఉన్న అమెరికన్ సైనికుల చేతికి ఓ విచిత్రమైన పార్శిల్ రావడం మొదలైంది. తడి తగలని డబ్బాలో ఓ టబాస్కో సీసా, దాని చుట్టూ చుట్టిపెట్టిన బుల్లి వంటల పుస్తకం. పేరు 'చార్లీ రేషన్ కుక్‌బుక్'. ముందు వరసలో నిలబడ్డవాడికి ఎంత మంచి తిండి పెట్టినా ఎక్కువేం కాదు అని దానికో ఉపశీర్షిక. లోపలంతా కార్టూన్లు, వాటి మధ్య 'కాల్పుల విరమణ కాసెరోల్', 'తూటాల కింద చికెన్' లాంటి వంటకాలు. చేతిలో ఉన్న రేషన్ డబ్బాలనే అటూ ఇటూ కలిపి, నాలుగు చుక్కలు కారం కొట్టి, తినగలిగేలా చేసుకోవడం ఎలా అన్నదే మొత్తం పుస్తకం. ఆ డబ్బాల్లో పందిమాంసం, లైమా చిక్కుడుగింజలు కలిపి పెట్టినదాన్ని సైనికులు ఎంత అసహ్యించుకున్నారో, వాళ్ళు పెట్టిన బూతుపేరు ఇక్కడ రాయలేను.

ప్రకటన కోసమే అనుకోవచ్చు. ప్రకటన కూడా. కానీ ఆ పుస్తకాన్ని పంపించిన మనిషికి ఆకలి కడుపుతో యుద్ధం చేయడమంటే ఏమిటో బాగా తెలుసు. ఆయన పేరు వాల్టర్ స్టాఫర్ మెకిల్హెనీ. టబాస్కో కంపెనీకి 1949 నుంచి 1985లో పోయేదాకా అధ్యక్షుడు. అంతకుముందు మెరీన్. గ్వాడల్కెనాల్, కేప్ గ్లౌస్టర్, పెలెల్యూ - పసిఫిక్ యుద్ధం గురించి కొంచెం చదివినవాళ్ళకైనా ఈ మూడు పేర్లు వరసగా వింటే ఒళ్ళు జలదరిస్తుంది. 1942 ఆగస్టులో గ్వాడల్కెనాల్‌లో దిగిన మెరీన్లకి సామాన్లన్నీ దించకముందే ఓడలు వెళ్ళిపోయాయి. రోజుకి రెండుపూటలే తిండి. అందులోనూ జపాన్ సైన్యం వదిలేసి పోయిన బియ్యమే పెద్ద ఆసరా. మనకైతే అన్నం దొరికింది కదా అనిపిస్తుంది గానీ, చుట్టూ దోమలు, మలేరియా, రాత్రిపూట సముద్రంలోంచి ఫిరంగులు. పురుగులు ఏరుకుంటూ శత్రువు బియ్యం తినడం వేరే అనుభవం. రెండేళ్ళ తర్వాత పెలెల్యూలో, ఓ చిన్న పగడపు దీవి కోసం, ఒక్క ఫస్ట్ మెరీన్ డివిజన్‌లోనే చనిపోయినవాళ్ళూ గాయపడ్డవాళ్ళూ కలిపి 6,500 మంది. వాల్టర్‌కి నేవీ క్రాస్, సిల్వర్ స్టార్ వచ్చాయి. యుద్ధమయ్యాక కూడా రిజర్వులో కొనసాగి బ్రిగేడియర్ జనరల్ అయ్యాడు. ఆయన ముద్దుపేరు 'టబాస్కో మాక్'.

ఇక సీసా సంగతి. లూయిజియానాలో ఏవరీ ఐలండ్ అని ఓ చోటుంది. పేరుకే దీవి, నిజానికి చిత్తడినేలల మధ్య పైకి పొడుచుకొచ్చిన ఉప్పుగుట్ట. వాల్టర్ తాత ఎడ్మండ్ అక్కడ 1868లో మిరపతోట వేశాడు. మరుసటి ఏడాది 658 సీసాలు అమ్మాడు. 1870లో పేటెంట్. తయారీ చదువుతుంటే నాకు మా ఇళ్ళల్లో పండుమిరపకాయ పచ్చడే గుర్తొచ్చింది. పండిన కాయని కోసిన రోజే ఉప్పేసి రుబ్బడం, మూతపెట్టి పక్కన పెట్టడం. మనం చింతపండు వేసి జాడీకెత్తుతాం. వాళ్ళు ఓక్ చెక్క పీపాల్లో, మూతమీద ఉప్పు గట్టిగా పరిచి, మూడేళ్ళదాకా ఊరనిస్తారు. తర్వాత వెనిగర్ కలిపి వారాల తరబడి తిప్పి వడకడతారు. ఏ కాయ కోయాలో కూలీలకి తెలియడానికి సరిగ్గా ఆ ఎరుపు రంగు పూసిన చిన్న కర్ర ఇస్తారు. కాయ దాని రంగుకి వస్తేనే కోయాలి. (కారం సంగతంటారా? గుంటూరు సన్నం తిన్న నాలుకకి అది పుల్లటి నీళ్ళే. పచ్చిమిరపలాగా ఆ మిరపా అమెరికా ఖండాల వైపునుంచి వచ్చిందే. పోర్చుగీసువాళ్ళు తేకముందు మన వంటల్లో మిరియాలు తప్ప ఏముండేవని!)

ఎడ్మండ్ కథని ఆ కుటుంబం చాలా ముచ్చటగా చెప్పుకుంటుంది. యుద్ధంలో అంతా పోగొట్టుకున్న బ్యాంకరు, మిరప మొక్క, తిరిగి నిలబడ్డ ఇల్లు. అందులో చెప్పనిది ఏమిటంటే, ఆ గుట్ట ఆయన అత్తగారి వాళ్ళది, అంతర్యుద్ధం దాకా బానిసలు చెమటోడ్చిన చెరుకుతోట. పోగొట్టుకున్న 'అంతా'లో మనుషులు కూడా ఆస్తిగా ఉన్నారు.

వాల్టర్ తండ్రి జాన్ కూడా సైనికుడే. 1898లో థియొడోర్ రూజ్వెల్ట్ వెంట క్యూబాలో పోరాడిన రఫ్ రైడర్లలో ఒకడు. కంపెనీని కొన్నాళ్ళు నడిపి వదిలేసి, తర్వాత హైతీ అమెరికా ఆక్రమణలో ఉన్న రోజుల్లో, 1919 నుంచి 1922 దాకా, ఆ దేశ ఖజానా మీద అమెరికా పెట్టిన ఆర్థిక సలహాదారుగా పనిచేశాడు. హైతీని పట్టి ఉంచింది మెరీన్లే. ఇది గుర్తుపెట్టుకుంటే వాల్టర్ మెరీన్ అవ్వడం వెనక ఒక ఇంటి వాతావరణం కనిపిస్తుంది. కంపెనీ మాత్రం జాన్ తమ్ముడు ఎడ్వర్డ్ చేతికి పోయి, యాభై ఏళ్ళు అక్కడే ఉంది. ఎడ్వర్డ్‌కి పిట్టలంటే పిచ్చి. టోపీల్లో ఈకల కోసం వేటగాళ్ళు తెల్లకొంగల్ని తుడిచిపెడుతుంటే, గుట్టమీదే వాటికి ఆశ్రయం కట్టినవాడు. 1949లో ఆయన పోయాక అన్నకొడుకు వాల్టర్ వంతు వచ్చింది.

వాల్టర్ పద్ధతి మీద నాకు గౌరవమూ ఉంది, చిరాకూ ఉంది. పీపాల దగ్గరికి స్వయంగా వెళ్ళి, ఊరిన కారం వాసన చూసి, రుచి చూసి, పనికిరానిది పక్కన పెట్టించడం ఆ ఇంటి అధ్యక్షుల ఆనవాయితీ. ఆయన దాన్ని తప్పలేదు. పెళ్ళి చేసుకోలేదు. భోజనప్రియుడు, అతిథుల్ని పిలిచి పెట్టడంలో దిట్ట. పనివాళ్ళకి గుట్టమీదే ఇళ్ళు. నల్లజాతి, కేజన్ కుటుంబాలు తరాలుగా ఆ ఇళ్ళల్లోనే పుట్టి ఆ తోటలోనే పనిచేశాయి. దొర మంచివాడే, కానీ దొరే. మన కోస్తా జమీందారీ ఊళ్ళ కథలు విన్నవాళ్ళకి దీన్ని వివరించక్కర్లేదు. ఇల్లు ఇచ్చిన చేయే ఇల్లు తీసుకోగలదని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

ఐతే 1960ల నాటికి ఆ కుటుంబాల్లో పిల్లలు ఎండలో వంగి మిరపకాయ కోయడానికి సిద్ధంగా లేరు. పక్కనే చమురు బావుల్లో మంచి జీతాలు. యుద్ధంలో మెరీన్లని ముందుకి నడిపించిన మనిషికి తన తోటలో కూలీలు దొరకలేదు. చివరికి సాగు లాటిన్ అమెరికా దేశాలకి పోయింది. కోయడం ఇప్పటికీ చేత్తోనే, కాకపోతే చేతులు వేరే దేశానివి. విత్తనం మాత్రం ప్రతి ఏడూ గుట్టమీదే తీస్తారు, అక్కడినుంచే బయటికి పంపుతారు. రుబ్బిన కారం పీపాల్లో మళ్ళీ గుట్టకే వచ్చి ఊరుతుంది. దీన్ని తెలివైన నిర్ణయం అని వ్యాపార పుస్తకాలు మెచ్చుకుంటాయి. నిజమే, కంపెనీ కుటుంబం చేతుల్లోనే నిలబడింది. పనివాళ్ళకి బేరమాడే బలం వచ్చిన ఏళ్ళలోనే తోట దాటిపోయిందన్నది కూడా అంతే నిజం.

వియత్నాంకి సీసాలు వెళ్ళిందీ ఆ ఏళ్ళలోనే. అప్పటికి ఆ యుద్ధం న్యాయం గురించి అమెరికా వీధుల్లో గొడవ మొదలైంది. పుస్తకంలో ఆ ఊసే ఉండదు. గోతిలో ఇద్దరికి భోజనం ఎలా వండుకోవాలో ఉంటుంది. తొలిసారి చూసినప్పుడు నాకిది తప్పించుకోవడంలా అనిపించింది. కానీ గ్వాడల్కెనాల్‌లో రెండుపూటల అన్నంతో బతికినవాడు ఇరవై ఏళ్ళ కుర్రాడికి ఏం పంపగలడు? డబ్బా తిండి రోజూ ఒకే రుచిగా ఉంటుందని, నాలుకకి కాస్త మంట తగిలితే తాను ఇంకా మనిషినేనని గుర్తొస్తుందని ఆయనకి తెలుసు. అదే సమయంలో, ఆ కుర్రాడు ఇంటికి తిరిగొస్తే జీవితాంతం అదే సీసా కొంటాడని కూడా తెలిసే ఉంటుంది. ఒకే తల్లో రెండు లెక్కలూ ఉండొచ్చు.

వాల్టర్ తర్వాత కుర్చీ బంధువు నెడ్ సిమన్స్‌కి వెళ్ళింది. 1991 గల్ఫ్ యుద్ధం నాటికి సైన్యమే తన రేషన్ పొట్లాల్లో టబాస్కో పెట్టడం మొదలుపెట్టింది. వేలెడు కూడా లేని గాజుసీసా, లోపల నాలుగు మిల్లీలీటర్లలోపు కారం. దానికి వంటల పుస్తకం చుట్టలేదు.