గుమ్మంలోంచి ఆట

మా ఆలమూరులో ఇంటింటికీ టీవీలు రాని రోజుల్లో, క్రికెట్ ఉందంటే ఎదురింటివారి హాలు తీర్థంలా ఉండేది. కుర్చీల్లో మగవాళ్లు, చాపమీద పిల్లలు. ఆడవాళ్లకి వంటింటి గుమ్మం. ఓ కన్ను పొయ్యిమీద పప్పుకి, రెండోది తెరకి! పక్కనుంచి చూస్తామేమో, తెరమీద మనుషులంతా సరివి కర్రల్లా సన్నగా, పొడుగ్గా కనిపించేవారు. గావస్కర్ పొట్టివాడని నాకు చాలాకాలం తెలీదంటే నమ్మండి.

అంతకన్నా చిత్రం మరొకటుంది. ఓ ఓవరులో బ్యాటు పట్టుకున్నవాడి మొహం కనిపించేది, తరవాతి ఓవరులో వీపు.

"అదేమిటమ్మాయ్, అటు తిరిగిపోయాడేం?" అనేవారు మా అత్తగారు.

తిరిగింది అతను కాదు. ప్రధానమైన కెమెరా మైదానానికి ఒక్క కొసనే ఉండేది. ఓవరు ఓవరుకీ బౌలింగు కొస మారుతుంది గానీ కెమెరా కదలదు కదా! ఆరు బంతులు బౌలరు వెనకనుంచి చూస్తే, ఆరు బంతులు వికెట్‌కీపరు వెనకనుంచి చూడాలి. 1970లలో ఇంగ్లండులో బీబీసీ వారిదీ ఇదే పద్ధతి. ఆస్ట్రేలియాలో కెర్రీ ప్యాకర్ అనే టీవీ యజమాని, తనకి ప్రసార హక్కులివ్వలేదని బోర్డుమీద అలిగి, 1977లో సొంతంగా మ్యాచులు పెట్టుకున్నాడు. రెండు కొసలా కెమెరాలు పెట్టించాడు. మగవాళ్ల అలకలవల్ల కూడా అప్పుడప్పుడు లోకానికి మేలు జరుగుతుందన్నమాట. ఆ మేలు మనదాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

అసలు కెమెరాయే లేని ఆటా ఉంది. 1983 జూన్ 18న టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో, జింబాబ్వేమీద మనవాళ్లు 17 పరుగులకి 5 వికెట్లు పోగొట్టుకున్నాక కపిల్‌దేవ్ 175 కొట్టాడు. దాని ఫిల్మంటూ లేదు. ఎవరి మనసులో వాళ్లు తీసుకున్న బొమ్మే.

ఇప్పుడు హాలూ మాదే, ముందు కుర్చీ నాదే. జొన్నాడ వంతెన దాటి వెళితే వచ్చే అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టితో జతకట్టి, 2022 మేలో థామస్ కప్పు ఫైనల్లో ఇండొనేషియా జంటని ఓడించాడు. ఆ కప్పు మనకి రావడం అదే మొదలు. ఇతని స్మాష్ వేగం గంటకి 565 కిలోమీటర్లని 2023లో గిన్నిస్ వారు రాసుకున్నారు. అంతటి దెబ్బా టీవీలో దోమని కొట్టినట్టే ఉంటుంది! కెమెరా కోర్టుకి వెనక, బాగా ఎత్తున ఉంటుంది మరి. కాలవగట్టు కొసన నిలబడి చూస్తే కొబ్బరిచెట్లన్నీ ఒకదానికొకటి అతుక్కున్నట్టుంటాయి చూడండి, అలాగే 13.4 మీటర్ల కోర్టు కురచైపోతుంది. దెబ్బలోని వాలు మాయమైపోతుంది.

ఆమధ్య రాజమండ్రిలో కుర్రాళ్ల పోటీలు జరుగుతుంటే వెళ్లాను. మంచి చోట్లన్నీ నిండిపోయి, నెట్టుకి సరిగ్గా పక్కన ఓ బల్ల మిగిలింది. పక్కనుంచి చూడ్డం పాత అలవాటేగా, కూర్చున్నాను. ఎవరో పిల్లాడు ఎగిరి కొట్టాడు. ఠప్పుమంది. షటిల్ అంతెత్తునుంచి ఏటవాలుగా దిగి, నెట్టుని రాసుకున్నట్టే పోయి నేలని తాకింది. నేను ఉలిక్కిపడి పక్కావిడ చెయ్యి పట్టేసుకున్నాను.

"మీ అబ్బాయా అండీ?" అంది.

కాదన్నాను.

"మావాడేనండి," అంది ఆవిడ, చెయ్యి విడిపించుకోకుండానే.