కూర్మ గ్రామం: పొలమే పలక అయిన బడి



గంటసేపు కరెంటు పోతే మన ఇళ్ళల్లో ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పచ్చడి మిక్సీలో సగంలోనే ఆగిపోతుంది, పిల్లలు ఉక్కపోతతో చికాకు పడతారు. అలాంటిది, అసలు కరెంటే వద్దనుకున్న ఊరు మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. హిరమండలం మండలం అంతకాపల్లి దగ్గర, హరేకృష్ణ సంప్రదాయానికి చెందిన ఇస్కాన్ భక్తులు 2018లో నెలకొల్పిన ఆ ఊరి పేరు కూర్మ గ్రామం. విష్ణువు కూర్మావతారంలో కొలువైన శ్రీకూర్మ క్షేత్రం ఈ జిల్లాలోనిదే కదా!

అక్కడి ఇళ్ళకు సిమెంటు, ఇనుము వాడలేదు. మట్టి, సున్నం, బెల్లం, మెంతులు వంటివాటితో గోడలు కట్టారు. బట్టలకు కుంకుడుకాయ, సాగుకు ఆవుపేడ ఎరువు. గురుకులంలో చేరిన పిల్లలు తెల్లవారుజామునే లేచి పూజ, పారాయణ చేస్తారు. సంస్కృతం, తెలుగు, ఇంగ్లీషు చదువుతూనే పొలం పనీ, చేతిపనులూ నేర్చుకుంటారు.

ఇదంతా నిన్న పుట్టిన ఆలోచన కాదండీ. 1910లో గాంధీగారు దక్షిణాఫ్రికాలో, జొహన్నెస్‌బర్గు దగ్గర టాల్‌స్టాయ్ ఫారం పెట్టారు. మిత్రుడు కాలెన్‌బాక్ ఇచ్చిన ఆ 1100 ఎకరాల్లో నౌకర్లు లేరు. తవ్వడం, వండడం, పాకీపని పిల్లలూ పెద్దలూ కలిసే చేశారు. ఆ అనుభవం నుంచే 1937లో వార్ధా మహాసభలో ‘నయీ తాలీం’ రూపు దిద్దుకుంది. ఏడేళ్ళ ఉచిత చదువు, మాతృభాషలో, ఏదో ఒక చేతిపని చుట్టూ సాగాలన్నారు. జాకిర్ హుస్సేన్‌గారి సంఘం దానికి పాఠ్య ప్రణాళిక రాస్తే, సేవాగ్రాంలో దాన్ని నడిపిన వారిలో ఆశాదేవి ఆర్యనాయకం అనే మహిళ ముఖ్యులు.

అంతదాకా ఎందుకు, మన పొందూరు చూడండి! వాలుగ చేప దవడతో దూది శుభ్రం చేసి సన్నని నూలు వడికేది ఆడవాళ్ళే. కూతురు తల్లి పక్కన కూర్చుని నేర్చుకుంది. అదీ బడే. కాకపోతే దానికి సర్టిఫికెట్ లేదు!

ఇక రెండో వైపు కూడా చెప్పుకోవాలి. ఇస్కాన్ వారు 1971లో అమెరికాలోని డల్లాస్‌లో గురుకులం తెరిచారు. 1976లో అది మూతపడింది. ఆ కాలపు గురుకులాల్లో తల్లిదండ్రులకు దూరంగా ఉంచిన పిల్లలు కొందరు హింసకు గురయ్యారని 1998లో ఆ సంస్థ పత్రికే ప్రచురించింది. భక్తి ఉన్నచోట పిల్లలకు భయం ఉండదులే అని తల్లి కళ్ళు మూసుకోకూడదని ఆ చరిత్ర చెబుతోంది. కూర్మ గ్రామంలో కుటుంబాలూ అదే ఊళ్ళో ఉంటున్నాయి. అది మంచిదే. అయినా ఆ పిల్లల్లో ఎవరైనా రేపు డాక్టరీ చదువుతానంటే దారి తెరిచి ఉండాలా వద్దా? ఈ ప్రశ్న అడగవలసింది మనలాంటి తల్లులమే.

మరో మాట. ఒకప్పుడు ఈ ప్రాంతంనుంచి జనం బతుకుతెరువుకు రంగూన్ వెళ్ళారు. ఇప్పటికీ హైదరాబాదుకూ చెన్నైకీ మూటలు కట్టుకుంటూనే ఉన్నారు. జనం వదిలి పోతున్న నేలకే, పట్నాల్లో ఉద్యోగాలు మానుకుని కొందరు వచ్చి స్థిరపడటం ఆలోచించదగ్గదే. కాని సాగు గిట్టక వలసపోయిన కూలివాని బీదతనం వేరు, కోరి తెచ్చుకున్న నిరాడంబరత వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

మనమెవరం కరెంటు తీయించుకోనక్కర్లేదు. కాని చోడి అంబలి ఎలా కాస్తారో, మెంతికూర ఎన్నాళ్ళకు కోతకు వస్తుందో మన పిల్లలకు తెలియాలి. డాబా మీద పాత బకెట్టులో నాలుగు మెంతిగింజలు వాళ్ళచేతే చల్లించండి. నీళ్ళు కూడా వాళ్ళే పోయాలి. మరిచిపోతే మొక్క వాడిపోనివ్వండి. ఆ పాఠం మనం నోటితో చెప్పగలిగేది కాదు.