గాలి సందు దాటే బలరేఖలు

1979లో ఇబ్రహీంపట్నం వద్ద విజయవాడ థర్మల్ విద్యుత్కేంద్రపు తొలి 210 మెగావాట్ల జనరేటరు పనిచేయనారంభించింది. నిమిషానికి 3000 సార్లు తిరిగే రోటారుకూ, చుట్టూ నిలిచిన స్టేటరుకూ నడుమ కొద్దిపాటి గాలి సందు ఉంటుంది. అయస్కాంత బలరేఖలు రోటారు ఉక్కునుండి సందు దాటి, స్టేటరు ఉక్కుగుండా చుట్టివచ్చి, మరల సందు దాటి మొదటిచోటికి చేరుతాయి. ఇదే అయస్కాంత వలయం. కృష్ణ కాలువల నీటికి సముద్రమున్నది. బలరేఖలకు మాత్రం అంతమంటూ లేదు.

ఈ వలయానికి ఓమ్ నియమం వంటిదే వర్తిస్తుందని 1873లో అమెరికను శాస్త్రజ్ఞుడు రోలాండ్ చూపినాడు. తీగచుట్టలోని ఆంపియరు-చుట్లు బలరేఖలను నడిపిస్తాయి. దారి పొడవూ సన్నదనమూ అడ్డుతాయి. అయినా ఎడిసన్ డైనమోలకు పొడవైన, సన్నని అయస్కాంతాలే ఉండేవి! ఇంగ్లండులో జాన్ హాప్కిన్సన్ వాటిని పొట్టిగా, లావుగా మార్చగా, ఇంచుమించు అంతే పరిమాణం గల యంత్రం దాదాపు రెట్టింపు విద్యుత్తునిచ్చింది. 1886లో ఆయన, సోదరుడు ఎడ్వర్డుతో కలిసి, డైనమో అయస్కాంత వలయాన్ని ముందుగానే లెక్కగట్టే పద్ధతిని ప్రకటించినాడు. ఇనుములో దారి సుగమం. ఆంపియరు-చుట్లలో అధికభాగం ఆ కాస్త గాలి సందును దాటించడానికే కావాలి.