ఇంటి వేడిమికి చట్టమెందులకు?

1666వ సంవత్సరము సెప్టెంబరు 2వ తేదీ తెల్లవారుజామున లండను నగరములో ఒక రొట్టెలవాని యింట నిప్పు రాజుకొనెను. నాలుగు దినములలో సుమారు 13,200 ఇండ్లు బూడిద యయ్యెను. మరుసటియేట ఆంగ్లేయ పార్లమెంటు ఒక చట్టము చేసెను. ఇకమీదట ఆ నగరమున కట్టు ప్రతి యింటి వెలిగోడయు ఇటుకతోనో రాతితోనో కట్టవలెను. ఇండ్లను నాలుగు తరగతులుగా విభజించి, ఏ తరగతి యింటికి గోడ యెంత మందముండవలెనో కూడ నిర్ణయించిరి. నా స్థలములో నా ధనముతో నేను కట్టుకొను ఇంటికి ప్రభుత్వపు కొలతయేమి యని యడుగువారు ఎక్కడనైనను ఉందురు. కాని పొరుగువాని కొయ్యగోడ అంటుకొన్నచో తన గోడ నిలువదని లండను ప్రజలు కన్నులార చూచియున్నారు.

శ్రోతలారా, అది మొదలు కట్టడపు చట్టములు నిప్పును గూర్చియు, గోడలు కూలుటను గూర్చియు, మురుగును గూర్చియు పలుకుచు వచ్చినవి. ఇంటిలోనికి చొరబడు వేడిమిని గూర్చి నోరు విప్పుటకు వానికి చాలకాలము పట్టెను. దీనికి కారణమున్నది. పూర్వము కట్టించువాడే కాపురముండువాడు. మా గోదావరి ప్రాంతపు మండువా లోగిలిని చూడుడు: నడుమ ఆకాశము కనబడు మండువా, చుట్టును వసారా, ఎండను గోడ నంటనీయని వాలు చూరు. మా తాతగారి యింటి మట్టిగోడ మూరకు తక్కువ మందము లేదు. రాయలసీమ మట్టిమిద్దెయు, తెలంగాణపు గూనపెంకుల యిల్లును, విశాఖ తీరపు తాటియాకు చుట్టిల్లును ఒక్కొక్కటి ఒక్కొక్క విధముగ ఎండతో బేరమాడినవే. అవి స్వర్గములని నేననను. చీకటియు, చెదలును, వాన కారుటయు నేనెరుగనివి కావు. కాని ఆ యింటి తప్పులను ఆ యింటివాడే యనుభవించును గనుక, దిద్దుకొనవలెనను తలంపును అతనికే కలుగును.

పట్టణములు పెరిగినపిమ్మట ఈ ముడి విడిపోయెను. కట్టువాడు వేరు, కొనువాడు వేరు, అద్దెకుండువాడు మరియొకడు. కొనువాడు గచ్చు నునుపును, తలుపు చెక్కను చూడగలడు. శ్లాబుమీద ఉష్ణమునాపు పొర కలదా, పడమటి గోడ మందమెంత, కిటికీపైని సజ్జ యెంత ముందుకు వచ్చినది యని యడుగువా డరుదు. ఆ పొర వేయని సొమ్ము కట్టినవానికి మిగులును. దాని ఫలము కరెంటు బిల్లు రూపమున ఏబది సంవత్సరములు మరియొకడు చెల్లించును. పంకా చెడినచో మార్చుకొనవచ్చును, గోడను మార్చుకొనలేము.

ఈ సంగతి ప్రభుత్వముల కంటబడుటకు ఒక దెబ్బ తగులవలసి వచ్చెను. 1973 అక్టోబరులో అరబ్బు దేశములు చమురు ఎగుమతిని బిగించినవి. పీపా సుమారు మూడు డాలర్లున్న ధర 1974 ఆరంభమునాటికి పండ్రెండు డాలర్ల దరికి చేరెను. తన యింధనములో నూటికి 90 వంతుల వరకు దిగుమతి చమురుమీదనే యాధారపడిన డెన్మార్కు ఆదివారములు మోటారు కార్లను ఆపివేసి, 1977లో గృహనిర్మాణ నిబంధనలను బిగించెను.

అమెరికాలోని కాలిఫోర్నియా కథ యింకను రుచికరమైనది. బర్క్‌లీ పరిశోధనాలయమున ఆర్థర్ రోజెన్‌ఫెల్డు అను భౌతికశాస్త్రజ్ఞు డుండెను. ఈయన ఎన్రికో ఫెర్మీ శిష్యుడు, పరమాణువునకు లోపలి కణములను పరిశోధించువాడు. 1973 నవంబరులో ఒక శుక్రవారము సాయంకాలము ఇంటికి పోబోవుచు, తమ అంతస్తులోని గదులన్నిట దీపములు వెలుగుచుండుట గమనించెను. సెలవుదినములందు అవి అట్లే వెలిగినచో ఎంత చమురు వ్యర్థమగునో లెక్క వేసికొని, ఆర్పుటకు బయలుదేరెను. తీరా చూడగా మీటలు పుస్తకముల బీరువాల వెనుకను, కాగితముల పెట్టెల వెనుకను దాగియున్నవి! దీపమార్పు అలవాటే లేనిచోట మీట యెక్కడున్న నెవరికి కావలెను? ఆయన కణభౌతికమును విడిచి భవనముల శాస్త్రము పట్టెను. 1974లో గవర్నరు రోనాల్డు రేగన్ సంతకముతో ఆ రాష్ట్రమున ఇంధన సంఘమునకు చట్టమేర్పడెను. ప్రభుత్వపు ఆంక్షలు తగ్గవలెనని తరువాత దేశమంతట చాటిన రేగన్ గారి చేతిమీదుగానే ఈ పని జరిగెనని గుర్తుంచుకొనదగును. 1978లో ఇండ్లకు ఇంధన నిబంధనలు అమలులోనికి వచ్చినవి.

వీనివలన లాభమెంత? ఇక్కడ పక్షపాతము లేకుండ చెప్పవలెను. 1970ల నడుమనుండి కాలిఫోర్నియాలో తలసరి విద్యుత్తు వాడకము ఇంచుమించు నిలుకడగా నుండగా, తక్కిన అమెరికాలో పెరిగినది. ఇదంతయు చట్టముల మహిమయే యని చాటినవారు కలరు. జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ ఆర్థికశాస్త్రజ్ఞుడు ఆరిక్ లెవిన్సన్ 2016లో ప్రకటించిన పరిశోధనలో, చట్టమునకు తరువాత కట్టిన ఇండ్లు ముందటి యిండ్లకంటె తక్కువ విద్యుత్తు వాడినవనుటకు ఆధారము తనకు కానరాలేదని వ్రాసెను. ఫ్లారిడాలోని గెయిన్స్‌విల్ పట్టణమున మాత్రము 2002 నాటి నిబంధనకు ముందును వెనుకను కట్టిన యిండ్ల బిల్లులను పోల్చి చూడగా విద్యుత్తు నూటికి 4, గ్యాసు నూటికి 6 వంతులు తగ్గినట్లు తేలెను. ఈ తగ్గుదల స్వల్పమే. అయినను నేను దానిని తృణీకరింపను.

మన దేశమున 2001లో ఇంధన పొదుపు చట్టము పుట్టెను. దాని క్రింద 2007లో పెద్ద వాణిజ్య భవనములకు నియమావళి వెలువడెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశము 2014 జనవరిలో దానిని తన నిబంధనలలో చేర్చుకొనెను. కాపురపు టిండ్లకు 2018 డిసెంబరులో "ఎకో నివాస్ సంహిత" వచ్చెను. 2022లో పార్లమెంటు చట్టమును సవరించి పెద్ద నివాసభవనములను గూడ దాని పరిధిలోనికి తెచ్చెను. సంహితలోని ముఖ్యమైన మాట సులభముగ చెప్పుదును. కప్పును విడిచి, గోడలగుండను కిటికీలగుండను లోనికి వచ్చు వేడిమి చదరపు మీటరునకు సగటున 15 వాట్లకు మించరాదు. చలి ప్రదేశములకు లెక్క వేరు. కప్పునకు ప్రత్యేకముగ మరియొక హద్దు కలదు. మనము వేయుచున్న వట్టి కాంక్రీటు శ్లాబు ఆ హద్దునకు రెండింతలకు పైగా వేడిమిని లోనికి విడుచును. పగలంతయు త్రాగిన యెండను రాత్రి మన తలపై కక్కును.

ఇది ఒక్క యింటి గొడవ కాదు. వేసవి సాయంకాలములందు ఊరంతయు ఏ.సి.లు వేసిన గంటకు సరిపడు విద్యుత్కేంద్రములను, తీగలను, ట్రాన్సుఫార్మర్లను సంవత్సరమంతయు పోషింపవలెను. ఆ వ్యయము ఏ.సి. లేనివాని బిల్లులోను చేరును. ఆ యంత్రములు వెలుపలికి త్రోయు సెగ సందులోనివారికి తగులును. లండనులో నిప్పు గోడలు దాటినట్లే ఇక్కడ వేడిమి గోడలు దాటుచున్నది.

రోజెన్‌ఫెల్డు పనిచేసిన బర్క్‌లీ పరిశోధనాలయమువారే హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వారితో కలిసి, హైదరాబాదులో కప్పులకు తెల్లని పూత వేసి కొలతలు తీసిరి. 2012లో ప్రకటించిన ఫలితములనుబట్టి, పూతలేని కాంక్రీటు కప్పును తెల్లబరచినచో చదరపు మీటరునకు ఏటికి 13, 14 యూనిట్లు మిగులును. చల్లబరచుటకగు విద్యుత్తులో ఇది నూటికి 10 మొదలు 19 వంతులు. మేడమీద సున్నము కొట్టు మన పెద్దలకు ఈ లెక్క తెలియదు గాని ఫలము తెలియును.

2015 వేసవిని మీరు మరచియుండరు. ఆ వడగాడ్పులకు దేశమున రెండువేలమందికి పైగా మరణించిరి. వారిలో అత్యధికులు ఆంధ్ర, తెలంగాణముల వారే. 2023 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము చల్లని కప్పుల విధానమును ప్రకటించి, ప్రభుత్వ, వాణిజ్య భవనములకును, 600 చదరపు గజములు, ఆ పైబడిన స్థలములలోని యిండ్లకును దానిని విధిగా చేసెను. అంతకు తక్కువ స్థలములలోని యిండ్లకు అది ఇష్టమైనచో చేసికొనదగినది మాత్రమే. రేకుల కప్పు క్రిందను, పై అంతస్తు ఒంటిగదిలోను వేసవి గడుపువారందరును ఇంచుమించు ఆ చిన్న స్థలములవారే. వారిలో పెక్కురు అద్దెకుండువారు. కప్పుకు సున్నము వేయించు అధికారము వారిచేత లేదు.