పారిశ్రామిక సరఫరా విక్రయ వృత్తి (గోదావరి డెల్టా)

పారిశ్రామిక సరఫరా విక్రయ వృత్తి అనగా కర్మాగారాలు, మిల్లులు, విద్యుత్ కేంద్రాలు నడవడానికి, మరమ్మతు చేసుకోవడానికి నిత్యం కావలసిన సామగ్రిని అమ్మే ఉద్యోగం. బేరింగులు, బెల్టులు, మోటార్లు, పంపులు, వాల్వులు, గ్యాస్కెట్లు, నట్లు, బోల్టులు, వెల్డింగ్ రాడ్లు, కందెన నూనెలు, చేతి పనిముట్లు ఈ కోవలోకి వస్తాయి. ఇవి తుది సరుకులో కనిపించవు. కాగితంలో బేరింగు ఉండదు, బియ్యంలో బెల్టు ఉండదు. కాని అవి లేకుండా కాగితమూ రాదు, బియ్యమూ రాదు. ఈ వృత్తిలో ఉన్నవారిని విక్రయ ప్రతినిధి అని గాని, సేల్స్ ఇంజనీరు అని గాని పిలుస్తారు. గోదావరి జిల్లాల మిల్లులలో వాడుకగా "కంపెనీ మనిషి" అనడం కూడా ఉన్నది.

నేపథ్యం

గోదావరి డెల్టాలో యంత్ర సామగ్రి అవసరం నీటిపారుదలతో మొదలైనది. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847 - 1852 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం జరిగింది. ఆ పనుల కోసం ధవళేశ్వరంలో వర్క్‌షాపులు ఏర్పడినవి. కాలువల క్రింద వరి విస్తరించడంతో బియ్యం మిల్లులు వచ్చాయి. తణుకులో ఆంధ్రా షుగర్స్ 1947లో స్థాపించబడినది. ఈ సంస్థకు కొవ్వూరు, సగ్గొండలలో కాస్టిక్ సోడా, క్లోరిన్ తయారీ కర్మాగారాలు కూడా ఉన్నాయి. రాజమండ్రి కాగితపు మిల్లు 1964లో ఆంధ్రప్రదేశ్ పేపర్ మిల్స్ అన్న కంపెనీగా ఏర్పడి, 2011లో ఇంటర్నేషనల్ పేపర్ చేతికి, 2019లో వెస్ట్ కోస్ట్ పేపర్ మిల్స్ చేతికి వెళ్ళి, 2020 నుండి ఆంధ్రా పేపర్ అన్న పేరుతో నడుస్తున్నది. కాకినాడలో ఎరువుల కర్మాగారాలు, సముద్ర తీరం వెంబడి ఓ.ఎన్.జి.సి. చమురు, సహజవాయువు బావులు ఈ పట్టికకు తరువాత చేరినవి.

విక్రయ ప్రతినిధికి నదిని దాటడం నిత్యకృత్యం. 1974లో కొవ్వూరు - రాజమండ్రి రైలు, రోడ్డు వంతెన ప్రారంభమైన తరువాత రెండు జిల్లాలను ఒకే మనిషి చూడడం తేలికైనది. అందువల్ల అనేక కంపెనీలు ఉభయ గోదావరి జిల్లాలను ఒకే విక్రయ ప్రాంతంగా పరిగణిస్తూ వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి తూర్పు గోదావరి, కాకినాడ, కోనసీమ, పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాలు ఏర్పడినా, మిల్లులు, రోడ్లు ఉన్నచోటనే ఉన్నందున విక్రయ ప్రాంతం రూపురేఖలు పెద్దగా మారవలసిన పని లేకపోయినది.

ప్రపంచంలో ఈ వ్యాపారానికి పెద్ద ఉదాహరణగా అమెరికాలోని గ్రెయింజర్‌ను చెప్పవచ్చు. అది 1927లో షికాగోలో మోటార్ల అమ్మకంతో మొదలైనది. అక్కడ ఒకే సంస్థ లక్షల రకాల వస్తువులను జాబితా ద్వారా అమ్ముతుంది. మన ప్రాంతంలో మాత్రం తయారీ కంపెనీ, దాని అధీకృత పంపిణీదారు, పట్టణంలోని చిల్లర దుకాణం అనే మూడంచెల పద్ధతి బలంగా ఉన్నది. ప్రతినిధి వీటిలో ఏ అంచెలోనైనా పనిచేయవచ్చు.

ఋతువులు, గిరాకీ

డెల్టాలో ఈ వృత్తి పంచాంగాన్ని బట్టి నడుస్తుంది. సార్వా పంట నవంబరు, డిసెంబరులలోను, దాళ్వా పంట ఏప్రిల్, మే నెలలలోను మిల్లులకు చేరుతుంది. తాడేపల్లిగూడెం, మండపేట, రామచంద్రపురం ప్రాంతాల బియ్యం మిల్లులు ఆ రోజులలో రాత్రింబవళ్ళు తిరుగుతాయి. ధాన్యం పై పొట్టు తీసే యంత్రంలో రెండు రబ్బరు రోళ్ళు వేర్వేరు వేగాలతో, ఎదురెదురు దిశలలో తిరుగుతాయి. వేగంలో ఉన్న ఆ తేడాయే పొట్టును ఒలుస్తుంది. రోళ్ళు అరిగినకొద్దీ ఒలుపు తగ్గి నూకలు పెరుగుతాయి. కాబట్టి రోళ్ళు, ఎలివేటరు బెల్టులు, బకెట్లు, జల్లెడలు పంట రాకముందే మిల్లు స్టోర్సుకు చేరాలి. అవసరానికి మించి తెప్పిస్తే మరొక చిక్కు. రబ్బరు ఎండవేడికి, కాలక్రమేణా గట్టిపడుతుంది. మిగిలిపోయిన రోళ్ళను మరుసటి పంటకు కొత్తవిగా అమ్మడం మిల్లు యజమానిని మోసగించడమే అవుతుంది.

చక్కెర మిల్లులకు గానుగ ఆడే కాలం ముఖ్యం. గానుగ ఆగిన తరువాత యంత్రాలన్నీ విప్పి మరమ్మతు చేస్తారు. పెద్ద ఆర్డర్లు అప్పుడే వస్తాయి. కాగితపు మిల్లు ఏడాది పొడవునా నడుస్తుంది కనుక అక్కడ ముందుగా నిర్ణయించిన షట్‌డౌన్ రోజులే ప్రధానం. వేసవిలో కాలువలు కట్టివేసిన కొద్ది వారాలలోనే లాకులు, గేట్ల పనులు పూర్తి కావాలి. ఆ గడువు తప్పిన సరుకుకు మళ్ళీ వేసవి వరకు గిరాకీ ఉండదు.

వీటన్నిటికంటె తొందర రొయ్యల చెరువులది. 2009లో వనామీ రొయ్యల పెంపకానికి దేశంలో అనుమతి వచ్చిన తరువాత భీమవరం పరిసరాలలో సాగు బాగా పెరిగింది. చెరువు నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువు తెల్లవారుజామున బాగా తగ్గుతుంది. ఆ వేళ ఏరేటరు ఆగితే కొద్ది గంటలలోనే పంట మొత్తం పోవచ్చును. రైతు అర్ధరాత్రి ఫోను చేసి అడిగేది సాధారణంగా చిన్న వస్తువే అయి ఉంటుంది. ఒక ఆయిల్ సీలు, ఒక బేరింగు, లేదా ఒక స్టార్టరు కాయిల్.

సరుకు ఎంపిక

"మిల్లు ఆగిపోయిందండీ, ఏదో ఒకటి పంపండి" అన్నది ఈ వృత్తిలో తరచుగా వినిపించే మాట. ఆ "ఏదో ఒకటి" దగ్గరనే ప్రతినిధి పనితనం తేలుతుంది. కొలత సరిపోయే వస్తువు వేరు, పనికి సరిపోయే వస్తువు వేరు.

ఉదాహరణకు 6205 అన్న బేరింగు సంఖ్యను తీసుకొనవచ్చు. మొదటి అంకె 6 ఒంటి వరుస బాల్ బేరింగు అని, 2 దాని శ్రేణిని, చివరి 05ను ఐదుతో హెచ్చవేయగా వచ్చే 25 దాని లోపలి రంధ్రం వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తెలుపుతాయి. ఈ బేరింగు బయటి వ్యాసం 52, మందం 15 మిల్లీమీటర్లు. సంఖ్య తరువాత సి3 అని ఉంటే లోపల సందు సాధారణం కంటె ఎక్కువ అని అర్థం. వేడెక్కే మోటారులో లోహం వ్యాకోచిస్తుంది కనుక ఈ సందు అవసరం. సి3 ఉండవలసిన చోట మామూలు 6205 బిగించినా యంత్రం తిరుగుతుంది, కాని బిగుసుకుపోయి త్వరలోనే మళ్ళీ ఆగవచ్చు. లెడ్జరు ప్రకారం చూస్తే రెండోసారి కూడా అమ్మకమే. మిల్లు ఫోర్‌మన్ మాత్రం దానిని మరచిపోడు.

వి-బెల్టుల సంగతి మరొకటి. ఒకే పుల్లీ మీద నాలుగు బెల్టులు తిరుగుతూ ఉంటే, ఒకటి తెగినప్పుడు నాలుగూ మార్చాలి. పాతవి సాగి ఉండడం వలన కొత్తదానిపైనే బరువంతా పడుతుంది. ఇది నిజమే అయినా, ప్రతినిధి నోట వింటే అమ్మకపు మాటలాగా తోస్తుంది. అతని సలహాను నమ్మాలా వద్దా అన్నది అంతకుముందు అతడు ఎన్నిసార్లు "ఇది మీకు అక్కరలేదండీ" అని చెప్పాడన్నదానిపై ఆధారపడి ఉంటుంది.

ఉప్పునీటి చెరువులకు వాడే స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులలో 304, 316 అని రెండు రకాలు విరివిగా దొరుకుతాయి. కంటికి రెండూ ఒకటే. అయస్కాంతంతోనూ తేడా తెలియదు. 316లో 2 నుండి 3 శాతం మాలిబ్డినమ్ ఉండడం వలన అది ఉప్పును ఎక్కువగా తట్టుకొంటుంది, వెల కూడా ఎక్కువ.

కొన్ని చోట్ల పొరపాటు ఖరీదు ప్రాణాలతో ముడిపడి ఉంటుంది. తడి క్లోరిన్‌ను టైటానియం చక్కగా తట్టుకొంటుంది, కాని పొడి క్లోరిన్‌లో అదే టైటానియం అంటుకొని మండుతుంది. ఆక్సిజన్ రెగ్యులేటరుకు నూనె గాని, గ్రీజు గాని తగలరాదు. ఎసిటిలీన్ వాయువుకు రాగి గొట్టం వాడరాదు. వెల్డింగు దుకాణానికి సామాను అమ్మేవారు కూడా ఇవి తెలిసి ఉండాలి. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ సంస్థ గ్యాసు గొట్టం పగిలి మంటలు చెలరేగడంతో 20 మందికి పైగా మరణించారు. పొడి వాయువు కోసం ఉద్దేశించిన గొట్టంలో తేమతో కూడిన వాయువు ప్రవహించి లోపల తుప్పు పట్టినట్లు విచారణలో వెల్లడైనది. అది అమ్మకందారుల తప్పిదం కాదు. అయితే "లోపల ఏమి ప్రవహిస్తుంది?" అన్న ప్రశ్న అడగకుండా వాల్వు గాని, గొట్టం గాని, గ్యాస్కెట్టు గాని ఎందుకు అమ్మరాదో తెలియడానికి ఈ ప్రాంతంలో అంతకంటె స్పష్టమైన ఉదాహరణ లేదు.

నకిలీ సరుకు

పేరున్న బేరింగులకు, బెల్టులకు, సీళ్ళకు నకిలీలు రావడం దేశవ్యాప్తంగా ఉన్న సమస్య. పెట్టె, ముద్ర అచ్చం అసలుదానివలెనే ఉంటాయి. ధర మరీ తక్కువగా ఉండడం, పంపిణీదారు బిల్లు లేకపోవడం మొదటి అనుమాన చిహ్నాలు. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం ప్రకారం నకిలీ గుర్తు ఉన్న సరుకును అమ్మేవారికి కూడా ఆరు నెలల నుండి మూడేళ్ళ వరకు జైలు శిక్ష, 50,000 నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. అసలు సరుకు అమ్మే ప్రతినిధికి నకిలీ ధరతో పోటీ పడడం సాధ్యం కాదు. అరిగిపోయిన నకిలీ బేరింగును విప్పి, అసలుదాని ప్రక్కన పెట్టి చూపడం ఒక్కటే అతనికి ఉన్న సాధనం.

కొనుగోలు పద్ధతులు

చిన్న మిల్లులో యజమానియే కొనుగోలు అధికారి. మాట, నమ్మకం, ఫోను సరిపోతాయి. పెద్ద కర్మాగారంలో ఎంక్వైరీ, కొటేషన్, పర్చేజ్ ఆర్డరు, డెలివరీ చలానా, స్టోర్సు తనిఖీ, బిల్లు అన్న వరుస తప్పదు. సరుకు కావలసినవాడు మెయింటెనెన్సు ఇంజనీరు, ఆర్డరు ఇచ్చేది కొనుగోలు విభాగం, డబ్బు చెల్లించేది అకౌంట్సు విభాగం. ఈ ముగ్గురి అవసరాలు ఒకటి కావు. ప్రభుత్వరంగ సంస్థలు టెండర్ల ద్వారాను, 2016లో ప్రారంభమైన ప్రభుత్వ ఆన్‌లైన్ విపణి జెమ్ ద్వారాను కొంటాయి. తక్కువ ధరకే ఆర్డరు వెళ్ళే చోట టెండరులో వస్తువు లక్షణాలు సరిగా వ్రాసి ఉండడం కీలకం. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చేవరకు పరరాష్ట్రపు సరుకుకు సి-ఫారాలు సేకరించడం ప్రతినిధుల పనిలో పెద్ద భాగంగా ఉండేది.

అరువు, వసూళ్ళు

అమ్మడం కంటె వసూలు చేయడం కష్టమన్నది ఈ వృత్తిలో అందరూ ఒప్పుకొనే విషయం. బియ్యం మిల్లుకు డబ్బు వచ్చేది బియ్యం అమ్మిన తరువాతనే. చెరువు రైతుకు డబ్బు వచ్చేది పట్టుబడి అయిన తరువాతనే. అప్పటివరకు సరుకు అరువు మీదనే నడుస్తుంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజులలోపు చెల్లింపు జరగాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ చెల్లించాలి. అయితే తయారుచేయకుండా కొని అమ్మే వర్తకులను 2021 జూలైలో ఈ వర్గంలో చేర్చినప్పుడు, ప్రాధాన్యతా రంగ రుణాల ప్రయోజనం మాత్రమే ఇచ్చారు. అందువలన తన సరుకుకు 45 రోజుల రక్షణ ఉన్నదని పంపిణీదారు అనుకోవడం సరికాదు.

పెద్ద పేరు ఉన్నంత మాత్రాన బాకీ భద్రం కాదు. కాకినాడలో 1992 నుండి యూరియా తయారుచేసిన నాగార్జున ఫెర్టిలైజర్స్ 2021లో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. దివాలా చట్టంలో సరుకు సరఫరాదారులను నిర్వహణ రుణదాతలుగా పరిగణిస్తారు. కంపెనీ ఆస్తులు అమ్మి పంచేటప్పుడు వీరి వంతు బ్యాంకుల తరువాతనే వస్తుంది.

ఉద్యోగ పరిస్థితులు

మెకానికల్ లేదా ఎలక్ట్రికల్ డిప్లొమా సాధారణ అర్హత. డిగ్రీ చదివి కౌంటరులో పని నేర్చుకొని వచ్చినవారు కూడా ఉన్నారు. స్థిర జీతం, ప్రయాణ భత్యం, లక్ష్యం దాటితే ప్రోత్సాహకం అన్నవి ఆదాయ భాగాలు. నెలవారీ లక్ష్యం అందుకోవడానికి నెలాఖరున అవసరానికి మించిన సరుకును పంపిణీదారుపై రుద్దడం ఈ పద్ధతిలోని ప్రధాన లోపం. ఆ సరుకు మరుసటి నెల కదలదు, లేదా తిరిగి వస్తుంది.

విక్రయ ఉద్యోగుల సేవా నిబంధనల చట్టం 1976లో మొదట మందుల పరిశ్రమకు వర్తించింది. 2011లో వాహన విడిభాగాలు, విద్యుత్ ఉపకరణాలు, రంగులు వంటి మరికొన్ని పరిశ్రమలను చేర్చారు. 2025 నవంబరు 21న కార్మిక కోడ్‌లు అమలులోకి రావడంతో పాత చట్టం స్థానంలో విస్తృతమైన నిర్వచనం వచ్చింది. ఏ సంస్థలోనైనా అమ్మకాల పెంపుదల కోసం పనిచేసేవారు దీని పరిధిలోకి వస్తారు. నిర్వాహక హోదాలో ఉన్నవారికి ఇది వర్తించదు. "మేనేజరు" అన్న పేరు పెట్టి ఒంటరిగా మోటారుసైకిలు మీద తిప్పే ఉద్యోగాలకు ఏది వర్తిస్తుందన్నది చేసే పనిని బట్టి తేలవలసి ఉంటుంది.

2010ల నుండి ఆన్‌లైన్ సరఫరా సంస్థలు కూడా ఈ రంగంలోకి వచ్చాయి. సంఖ్య తెలిసిన వస్తువును కొనడానికి అవి అనుకూలం. షాఫ్టు అరిగి, సంఖ్య చెరిగిపోయిన పాత యంత్రం ముందు వెర్నియర్ పట్టుకొని కొలతలు తీయవలసిన పని మాత్రం ఇంకా కంపెనీ మనిషికే మిగిలి ఉన్నది.